చార్‌పాయీ నుంచి సహన్ దాకా

ఎవరింట్లో ఆపరేషన్ అయినా మనం ఇయాదత్‌కు పోతాం. సంత్రాలో, కొబ్బరి బొండాలో సంచిలో పెట్టుకుని పోతాం. సలామ్, దువా అయ్యాక మరీజ్ మంచం పక్కన కుర్చీ లాక్కుని అనే మొదటి మాట ఒకటే: "ఉఠ్‌నా నక్కో, టాంకే ఖుల్ జాతే." లేవొద్దు, కుట్లు ఊడిపోతాయి. మొహబ్బత్‌తోనే అంటాం. ఆ మొహబ్బత్ మా ఖాలాను ఇంచుమించు చంపేసింది.

ఖాలాది మొయినాబాద్ దగ్గర ఊరు. పిత్తాశయంలో రాళ్లకు పట్నంలో ఆపరేషన్ అయింది. డాక్టరమ్మ డిశ్చార్జ్ రోజు, "రోజూ నాలుగైదు సార్లు నడవాలి" అని చెప్పింది, చీటీ మీద కూడా రాసిచ్చింది. ఇంటికొచ్చాక ఆ చీటీ మందుల డబ్బా కింద పడిపోయింది. వచ్చిన పెద్దలంతా ఆరామ్ చేయమన్నారు. కోడలు అన్నం మంచం మీదికే తెచ్చింది. నేనూ చేవెళ్ల నుంచి పోయి, "పండుకో ఖాలా, జల్దీ ఏముంది" అన్నవాడినే. పదకొండో రోజు ఎడమ పిక్క వాచింది. అది మోచ్ అనుకుని జిందాతిలిస్మాత్ రాశారు. పదమూడో రోజుకు దమ్ము ఆడలేదు. పిక్కలో గడ్డకట్టిన రక్తం ముక్క ఊపిరితిత్తికి చేరిందని స్కాన్‌లో తేలింది. అల్లా కరమ్, బతికింది.

అప్పటి నుంచి ఒక సవాల్ నన్ను పట్టుకుంది. ఈ "ఉఠ్‌నా నక్కో" మనకు ఎక్కడి నుంచి వచ్చింది? మన బుజుర్గుల నుంచి, పాత హకీములనుంచి వచ్చిందనే అనుకుంటాం. కితాబులు తిరగేస్తే సంగతి వేరే ఉంది.

యునానీ తిబ్ చదివిన ఏ హకీమ్ సాబ్‌నైనా అడగండి, అస్బాబె సిత్తా జరూరియా అనే మాట చెబుతారు. మనిషి సేహత్‌కు తప్పనిసరి అయిన ఆరు సంగతులు: గాలి, తిండీ నీళ్లూ, బదన్ కదలికా విశ్రాంతీ, మనసు కదలికా విశ్రాంతీ, నిద్రా మెలకువా, ఒంట్లోంచి పోవలసినవీ ఉండవలసినవీ. మూడోదాన్ని చూడండి: హర్కత్ ఓ సుకూనె బదనీ. రెండు మాటలూ జోడుగానే వస్తాయి, సుకూన్ ఒక్కటే రాదు. 1037లో వఫాత్ అయిన ఇబ్నె సీనా తన అల్ ఖానూన్ మొదటి కితాబ్‌లోనే రియాజత్ గురించి, అంటే వర్జిష్ గురించి, వివరంగా రాశాడు. ఎవరికి ఎంత, ఎప్పుడు మొదలు, ఎప్పుడు ఆపాలి అని. మొహం రంగు బాగుపడుతున్నంతసేపు, కదలిక తేలికగా ఉన్నంతసేపు చేయొచ్చు, థకావట్ కనిపిస్తే ఆపాలి అన్నది దాని సారం. జబ్బు నుంచి లేస్తున్న మనిషికి తిబ్‌లో నాఖిహ్ అని ప్రత్యేకంగా పేరుంది. అతను మరీజూ కాదు, పూరా తందురుస్తూ కాదు. ఆ మధ్య మనిషికి మన ఇంటి భాషలో పేరే లేకుండా పోయింది. అందుకే మంచం మీద ఉంటే బీమార్, దిగితే వంటింట్లోకి. మధ్యలో ఏమీ లేదు.

దీన్‌లోనూ అంతే. ఇమ్రాన్ బిన్ హుసైన్ రజి.కి బవాసీర్ ఉండేది. నమాజ్ ఎలా అని అడిగితే హుజూర్ సల్లల్లాహు అలైహి వసల్లమ్ నిలబడి చదవమన్నారు, కాకపోతే కూచుని, అదీ కాకపోతే పక్కకు ఒరిగి. బుఖారీలో ఉంది. ఉమ్మె సలమా రజి. హజ్‌లో తబియత్ బాగాలేదని చెప్పుకుంటే, సవారీ మీద జనం వెనకగా తవాఫ్ చేయమన్నారు. రుఖ్సత్ ఇచ్చారు, పూర్తిగా మానేయమనలేదు. చేతనైనంత మేరకు కదలమనడమే నాకు ఇందులో కనిపిస్తుంది. నేను ఆలిమ్‌ను కాను, మసలా మీ ఇమామ్ సాబ్‌ను అడగండి.

అయితే మంచం ఎక్కడిది? అది చాలావరకు విలాయతీ మాల్.

1863లో లండన్ సర్జన్ జాన్ హిల్టన్ విశ్రాంతి, నొప్పి గురించి ఇచ్చిన ఉపన్యాసాలు కితాబ్‌గా వచ్చాయి. గాయానికి ఆరామే దవా అనే మాటకు అది పెద్ద సనద్ అయింది. అప్పుడే మత్తుమందు కూడా వచ్చింది, ఆపరేషన్లు పెరిగాయి. మత్తుమందు కథలో మన హైదరాబాద్‌కు ఆలమ్ అంతటా పేరుంది. అఫ్జల్‌గంజ్ దవాఖానాలో రెసిడెన్సీ సర్జన్ ఎడ్వర్డ్ లారీ క్లోరోఫారమ్ వాడేవాడు. మీర్ మహబూబ్ అలీ ఖాన్ సర్కార్ ఖర్చుతో 1888లో ఒకటి, 1889లో ఒకటి, రెండు క్లోరోఫారమ్ కమిషన్లు కూచున్నాయి. రెండోదానికి లండన్ నుంచి లాడర్ బ్రంటన్ వచ్చాడు. శ్వాసను కనిపెట్టుకుంటే చాలు, గుండెకు ఖత్రా లేదని తేల్చారు. ఆ ఫైసలా తర్వాత తప్పని రుజువైంది, అది వేరే కథ. రూపాబాయి ఫర్దూన్‌జీ అనే పార్సీ ఖాతూన్ ఆ రోజుల్లోనే ఇక్కడ క్లోరోఫారమ్ ఇవ్వడం నేర్చి, మత్తు డాక్టర్లయిన తొలి ఆడవాళ్లలో ఒకరైంది.

ఆ అఫ్జల్‌గంజ్ దవాఖానాను 1908 సెప్టెంబర్ 28న మూసీ ముంచేసింది. ఆ తుగ్యానీలోనే అమ్జద్ హైదరాబాదీ తల్లినీ బీవీనీ బిడ్డనూ పోగొట్టుకున్నాడు. దవాఖానా ఆవరణలోని చింతచెట్టు ఎక్కి 150 మంది దాకా బతికారు, ఆ చెట్టు తర్వాతా నిలిచింది. ఆ వరద తర్వాతే అదే ఒడ్డున ఉస్మానియా దవాఖానా లేచింది. ఆ వరద వల్లే మూసీ మీద 1920లో ఉస్మాన్‌సాగర్, ఈసీ మీద 1927లో హిమాయత్‌సాగర్ కట్టారు. అంటే మొయినాబాద్ పక్కన ఉన్న చెరువులకూ, మనవాళ్లు తరాలుగా కడుపు కోయించుకోవడానికి పోయిన దవాఖానాకూ తల్లి ఒకటే.

ఇక మంచం మాటకు వస్తే, ఇరవయ్యో సదీ మొదట్లో హెర్నియాకో అపెండిక్స్‌కో ఆపరేషన్ అయితే రెండు మూడు వారాలు పడుకోబెట్టడం దునియా అంతటా మామూలు. పడుకున్న వాళ్లలో కొందరు లేచిన రోజే కుప్పకూలేవాళ్లు. రక్తం గడ్డ కాలి నుంచి ఊపిరితిత్తికి ఎలా పోతుందో జర్మనీలో రుడాల్ఫ్ ఫిర్కో 1850లలోనే వివరించాడు. ఐనా మంచం దిగనిచ్చేవాళ్లు కాదు. 1899లో షికాగోలో ఎమిల్ రీస్ అనే స్త్రీల వైద్యుడు కడుపు ఆపరేషన్ అయిన ఆడవాళ్లను కొద్ది రోజుల్లోనే లేపి నడిపించానని రాశాడు. ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. దాదాపు నలభై ఏళ్ల తర్వాత, 1938 నుంచి, డెట్రాయిట్‌లో డానియల్ లైట్‌హౌజర్ అపెండిక్స్ మరీజ్‌లను మొదటి రోజే లేపడం మొదలుపెట్టి, 1946లో దాని మీద కితాబే వేశాడు. మధ్యలో రెండో జంగ్ వచ్చింది. నర్సులు తక్కువ, మంచాలు తక్కువ, సిపాయిలను లేపక తప్పలేదు. లేచినవాళ్ల కుట్లు ఊడలేదు. 1947లో లండన్ డాక్టర్ రిచర్డ్ ఆషర్ బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో మంచం వల్ల వచ్చే ఖత్రాల గురించి రాశాడు. 1990లలో డెన్మార్క్ సర్జన్ హెన్రిక్ కెలెట్ ఆపరేషన్ రోజు నుంచే తిండి, నడక, నొప్పి మందు అన్నీ ఒక తర్తీబ్‌లో పెట్టాడు. ఈరోజు మన జిల్లా దవాఖానాలో నర్సమ్మ "లేవండి, కూచోండి" అని గదమాయిస్తే, దాని వెనక ఇంత లంబీ కథ ఉంది. డాక్టర్లు ఆ మంచం వదిలేసి చాలా ఏళ్లయింది, మనమే ఇంకా పట్టుకుని కూచున్నాం.

కుట్ల భయం పూరా ఝూట్ కాదు. కోసిన చోటు మళ్లీ పాత తాకత్‌లో 80 శాతం దాకా రావడానికి మూడు నెలలు పడుతుంది. కానీ మెల్లగా నడిస్తే కడుపు గోడ మీద పడే జోర్ తక్కువ. బకెట్ ఎత్తితే ఎక్కువ. నీళ్లు నిండిన పెద్ద బకెట్ 15 నుంచి 20 కిలోలు ఉంటుంది. మన ఇళ్లల్లో జరిగే జుల్మ్ ఇక్కడే ఉంది. కోడలు నాలుగడుగులు వేస్తే, "నడుస్తోందిగా, తబియత్ బాగైంది" అని బోరింగ్ దగ్గరికి పంపుతారు. నడక వేరు, మోత వేరు. కడుపు కోసిన ఆపరేషన్‌కు ఆరు వారాలు ఐదు కిలోల కన్నా ఎక్కువ ఎత్తొద్దని సాధారణంగా చెబుతారు. సంకలో పెద్ద పిల్లను ఎత్తుకోవడం కూడా మోతే.

ఇది కొద్దిమంది గోల కాదు. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 60.7 శాతం కాన్పులు సిజేరియన్లే. అంటే మన బచ్చీలలో సగానికి పైగా కడుపు కుట్లతో చిల్లాలో కూచుంటున్నారు. చిల్లా అంటే నలభై రోజులు. దాని అసలు ఫాయిదా తల్లికి పని తప్పించడం, మంచి గిజా పెట్టడం. దాన్ని తలుపు మూసిన గదిగా మార్చింది మనమే. కాన్పు తర్వాత కొన్ని వారాలు రక్తం గడ్డకట్టే స్వభావం ఎక్కువగా ఉంటుంది, సిజేరియన్ అయితే ఇంకా ఎక్కువ. పాలు తాగే ఇస్మాయిల్‌ను నేల మీద ఉంచి హాజిరా బీబీ సఫా మర్వాల మధ్య ఏడు సార్లు తిరిగింది. ఆమె యాద్‌లో ప్రతి హాజీ సయీ చేస్తాడు. అదే హాజీ సాబ్ ఇంట్లో బిడ్డను కన్న బహూ సహన్‌లో తిరిగితే మాత్రం ఐబ్ అయిపోతుంది.

మరి ఎంత నడవాలి? దూర్బీన్ ఆపరేషన్ అయితే ఆ సాయంత్రమో మర్నాడో, సిజేరియన్ అయితే ఒక రోజు లోపల, లేపి నిలబెడతారు. మొదట మంచం అంచున కూచుని, కళ్లు తిరగడం లేదని చూసుకుని, ఒకరి చెయ్యి పట్టుకుని లేవాలి. ఇంటికొచ్చాక ఒకేసారి అరగంట కాదు, ఐదేసి నిమిషాలు రోజుకు నాలుగైదు సార్లు. రెండు రోజులకోసారి కాస్త పెంచాలి. నడుస్తూ మాట్లాడగలిగితే ఆ వేగం సరిగ్గా ఉన్నట్టు. సాయంత్రానికి నొప్పి నిన్నటికన్నా ఎక్కువైతే రేపు తగ్గించాలి, మానకూడదు. నొప్పి గోలీ వేసుకున్న అరగంట తర్వాత నడిస్తే సులువు. దగ్గొస్తే దిండు కడుపుకు అదిమిపెట్టుకోవాలి. కాలి ఎముకకు రాడ్ వేసి బరువు పెట్టొద్దన్నా, వెన్ను ఆపరేషనైనా ఈ హిసాబ్ పనికిరాదు, మీ సర్జన్ మాటే మాట. ఒక్క పిక్క వాచి నొప్పి పెడితే మాలిష్ చేయకుండా అదే రోజు డాక్టర్ దగ్గరికి పోవాలి. దమ్ము ఆడకపోతే, ఛాతీలో నొప్పొస్తే 108కి ఫోన్ చేయాలి. జిందాతిలిస్మాత్ జుకామ్‌కు ఉంచుకోండి.

ఎక్కడ నడవాలన్నది మా వైపు ఇంకో ముష్కిల్. అప్పా జంక్షన్ నుంచి మన్నెగూడ దాకా 46 కిలోమీటర్ల రోడ్డుకు రెండు వైపులా వందల మర్రిచెట్లు. నీడకు కొదవ లేదు. కానీ ఆ నీడలో టిప్పర్లు, బస్సులు, పట్నం కార్లు పోతుంటాయి, మరీజ్ నడిచే జాగా కాదది. అందుకే సహన్ చాలు, లేదంటే మిద్దె. మిద్దెకు మెట్లున్నాయి, మొదటి వారం ఆగండి. చిలుకూరు గుడిలో భక్తులు మొక్కుకునేటప్పుడు పదకొండు, తీరాక 108 చుట్లు తిరుగుతారు. అడుగులు లెక్కపెట్టడం మా ఇలాఖాకు కొత్త కాదు.

ఖాలా తస్బీహ్‌తో లెక్కపెడుతుంది. నల్లా నుంచి గేటు దాకా ఒక చక్కర్, ఒక దానా. 33 అయ్యాక కూచుంటుంది. మూడు నెలలు రక్తం పలచబడే గోలీలు వాడింది, మొన్ననే డాక్టర్ ఆపేశారు. డిశ్చార్జ్ చీటీ ఇప్పుడు గోడకు, క్యాలెండర్ పక్కన మేకుకు వేలాడుతోంది. పోయిన జుమా నాడు పక్కింటి హెర్నియా మరీజ్‌ను చూడటానికి ఖాలా, నేను కలిసి పోయాం. అప్పటికే కూచుని ఉన్న ఒక పెద్దాయన మొదలుపెట్టాడు, "బేటా, ఉఠ్‌నా నక్కో..." ఖాలా సంత్రాల సంచి నా చేతికిచ్చి మంచం దగ్గరికి పోయింది. "చల్ బేటా, గేట్ తక్ చల్‌తే" అని చెయ్యి చాచింది.