కురిచీబా: బస్సు కంటే ముందు వీధి

నగర ప్రణాళిక చదువుకున్న రోజుల్లో మా పాఠాల్లో బ్రెజిల్ దేశపు కురిచీబా నగరం మాటిమాటికీ ఎదురయ్యేది. (ఇంగ్లీషు అక్షరాలను బట్టి మనం కురిటిబా అంటాము. బ్రెజిల్లో ఆ "టి"ని "చి"గా పలుకుతారు.) పరానా రాష్ట్రానికి అది రాజధాని. 2007లో మా తరగతి వాళ్ళం పన్నెండుమందిమి, ఇద్దరు అధ్యాపకుల వెంట వెళ్ళి పదిరోజులు ఆ ఊళ్ళో గడిపాము. వెళ్ళింది బస్సులు చూడడానికి. ఆ బస్సులు రావడానికి ముందు జరిగిన కథను మాత్రం తిరిగివచ్చాక కూడా చాలా ఏళ్ళు చదువుతూనే ఉన్నాను.

కథ 1943లో మొదలవుతుంది. అల్ఫ్రెడ్ అగాష్ అనే ఫ్రెంచి ప్రణాళికాకర్త ఊరి నడిబొడ్డు నుంచి నలువైపులా వెడల్పైన వీధులు, వాటిని కలుపుతూ వలయాలు గీసి ఇచ్చాడు. అందులో చాలా భాగం కాగితం మీదే ఉండిపోయింది. 1965లో జోర్జి విలయిమ్ అనే వాస్తుశిల్పి ఆధ్వర్యంలో మరో ప్రణాళిక తయారైంది. దాన్ని అమలు చేయడానికి నగరపాలక సంస్థ అదే ఏడాది ఒక పరిశోధనా సంస్థను నెలకొల్పింది. ఇప్పుక్ అంటారు దాన్ని. ఊరు వలయాలుగా ఉబ్బిపోకుండా, ఎంచుకున్న కొన్ని దారుల వెంబడి చేతివేళ్ళలా సాగాలన్నది ఆ కొత్త ప్రణాళికలోని ముఖ్యమైన ఆలోచన. 1966లో అది శాసనమైంది.

ఇక్కడ కొంచెం ఆగి ఆ దారుల అమరిక చెప్పాలి. ఊరి మధ్యనుంచి ఒక మహారహదారిని కోసుకుంటూ పోవడానికి బదులు, పక్కపక్కనే సాగే మూడు వీధులను ఒక జట్టుగా తీసుకున్నారు. నడిమి వీధిలో మధ్యభాగం రానూ పోనూ బస్సులకే. దానికి ఇరువైపులా ఆ వీధిలోని ఇళ్ళకూ దుకాణాలకూ వచ్చే బళ్ళకు నెమ్మదైన దారులు. ఒక్కో వరస ఇళ్ళు దాటితే అటొక వీధి, ఇటొక వీధి: ఒకటి ఊళ్ళోకి, మరొకటి బయటికి, వేగంగా పోయే కార్ల కోసం. చాలావరకు అప్పటికే ఉన్న వీధులు కనుక కూల్చివేతలు తక్కువ. అసలు కిటుకు మరొకటి. ఎత్తైన భవనాలకు ఈ జట్టు వీధుల వెంబడే అనుమతి ఇచ్చారు. అక్కడినుంచి దూరం జరిగేకొద్దీ అంతస్తులు తగ్గాలి. ఊళ్ళో ఉన్న టెలిఫోను గోపురం ఎక్కి చూస్తే ఈ శాసనం కళ్ళకు కట్టినట్టు కనిపిస్తుంది. చదునైన ఇళ్ళ మధ్యనుంచి మేడల వరసలు గోడల్లా సాగిపోతుంటాయి. ఎక్కడ మేడలుంటే అక్కడ బస్సు ఉందన్నమాట.

బస్సు వచ్చింది 1974లో, ఉత్తర దక్షిణాలుగా ఇరవై కిలోమీటర్ల దారిలో. 1980లో, ఎన్ని బస్సులు మారినా ఒకటే టికెట్టు అనే పద్ధతి పెట్టారు. అందరం ఫొటోల్లో చూసిన గాజు గొట్టాల్లాంటి స్టేషన్లు 1991లో, ముగ్గురిని కలిపి కుట్టినట్టుండే పొడుగాటి బస్సులు 1992లో వచ్చాయి. టికెట్టు గొట్టంలోకి వెళ్ళేటప్పుడే తీసుకోవాలి. బస్సు ఆగగానే తలుపు దగ్గర ఒక పలక వాలుతుంది, మెట్టు ఎక్కే పని లేదు. ఒక్కో బస్సులో రెండువందల డెబ్భైమంది పడతారు. కండక్టరు టికెట్లు కొట్టేదాకా స్టేజీ దగ్గర బస్సు ఆపుకునే ఊళ్ళనుంచి వెళ్ళిన మేము, స్టేషనులో కూర్చుని ఒక్కో బస్సు ఎన్ని సెకన్లు ఆగుతోందో గడియారం పెట్టి రాసుకున్నాము.

ఈ పనుల వెనక ఉన్న మనిషి జైమీ లెర్నర్ (1937-2021), వాస్తుశిల్పి. 1971లో మేయరయ్యేనాటికి ఆయనకు ముప్ఫైమూడేళ్ళు. మరుసటి ఏడాదే ఊరి ముఖ్యమైన అంగడి వీధిని కార్లకు మూసి, నడిచేవాళ్ళకు ఇచ్చేశాడు. పగలు మొదలుపెడితే వర్తకులు కోర్టుకు వెళతారని శుక్రవారం సాయంత్రం పలుగులు వేయించి, మూడురోజుల్లో ముగించాడని చెబుతారు. కార్లవాళ్ళు దండుగా వస్తారన్న వదంతి పుడితే, వీధి పొడుగునా కాగితాలు పరిపించి, పిల్లలను కూర్చోబెట్టి బొమ్మలు వేయించాడట. మొదట్లో మండిపడ్డ వర్తకులే తరవాత మరింత దూరం పొడిగించమన్నారని కూడా చెబుతారు.

వినడానికి ముచ్చటైన కథే. అయితే మా బృందంలో ఒకమ్మాయి ఆ సాయంత్రం అడిగింది, "వర్తకుల ఓటు పోతుందన్న భయం ఆయనకు ఎందుకు లేదు?" అని. లేకపోవడానికి కారణం ఉంది. 1964 నుంచి 1985 దాకా బ్రెజిల్లో సైనికపాలన. రాష్ట్ర రాజధానుల మేయర్లను నియమించేవారు గానీ జనం ఎన్నుకునేవారు కాదు. లెర్నర్ మొదటి రెండు పాలనలు (1971-75, 1979-83) అలా దక్కినవే. మా పాఠాల్లో ఈ మాట ఒక్క వాక్యంలో తేలిపోయేది. నాకు అది అంత చిన్న సంగతిగా తోచదు. కానీ 1988లో అదే మనిషి ఎన్నికల్లో నిలబడి గెలిచాడు. గాజు స్టేషన్లు ఆ ఎన్నికైన పాలనలో వచ్చినవే. మొదలు అడగకుండా చేసినదాన్ని, వాడి చూశాక జనం ఓటువేసి ఉంచుకున్నారనవచ్చు. ఇంతమాత్రాన మొదటిది ఒప్పయిపోతుందా అన్న దగ్గర మా వాదం తెగలేదు.

మరో లెక్క ఉంది. మేడలకు అనుమతి ఉన్న వీధుల్లో నేల ధర పెరిగింది. 1975లో గడ్డకట్టే మంచు పరానాలోని కాఫీ తోటలను మాడ్చేసింది. ఆ తోటల కూలీలు ఎంతోమంది నగరం బాట పట్టారు. 1970లో ఆరు లక్షలున్న జనాభా 1980కి పది లక్షలు దాటింది. వచ్చినవాళ్ళకు మేడల వీధిలో చోటెక్కడిది? అంచుల్లోనూ, పొరుగు పురపాలికల్లోనూ స్థిరపడ్డారు. దక్షిణపు కొసన పిన్యెయిరిన్యో అనే టెర్మినల్ దాకా వెళ్ళి చూశాను. మేడలు తగ్గుతూ వచ్చాయి, బస్సు మాత్రం నిండుతూనే ఉంది. ఒకటే టికెట్టు పద్ధతి వల్ల దగ్గరి ప్రయాణీకుడు కొంత ఎక్కువిచ్చి, దూరంనుంచి వచ్చేవాడి భారం మోస్తున్నాడు. నేల దగ్గర జరిగిన అన్యాయాన్ని టికెట్టు దగ్గర కొంత సరిదిద్దారు. కొంతే. కార్లు కొనగలిగినవాళ్ళు కొన్నారు కూడా. 2010ల నాటికి బస్సెక్కేవారి సంఖ్య తగ్గుతూ వచ్చింది.

ఈ నమూనా 2000లో బొగోటాకు, 2009లో అహమ్మదాబాదుకు వెళ్ళింది. మన విజయవాడ, విశాఖపట్నాలకు కూడా బీఆర్టీఎస్ పేరుతో వచ్చింది. రోడ్డు మధ్యన బస్సుకు విడిగా దారి వేయడం వరకు తెచ్చుకున్నాము. దాని పక్కన ఏది ఎంత ఎత్తు కట్టాలి, దూరంగా ఏది కట్టకూడదు అని చెప్పే శాసనం రాలేదు. విజయవాడ సత్యనారాయణపురంలో పాత రైలుకట్ట తీసిన చోట వేసిన ఆ రోడ్డును జనం బీఆర్టీఎస్ రోడ్డనే పిలుస్తారు. సాయంత్రాలు అక్కడికి నడవడానికి వస్తారు, బళ్ళ దగ్గర ఏదో ఒకటి తింటారు. కురిచీబాలోలాగా నిమిషాల తేడాతో వరసగా వచ్చే బస్సులు మాత్రం అక్కడ ఏర్పడలేదు.