జర్మనీలో చదువు మానేసిన మన పిల్లలకి ఇంకో దారి

ఆ మధ్య ఓ శనివారం పొద్దున్నే ఫోను. మాకు బాగా తెలిసిన వాళ్ళ ఇల్లాలు. "అన్నయ్యగారూ, ఈ సంగతి ఎవరితోనూ అనకండి. మావాడు చదువుకుంటున్నాడని అందరికీ చెబుతున్నాం గానీ, స్కూలు మానేసి రెండేళ్ళయింది. గది తలుపు వేసుకుని కూర్చుంటాడు. మీరొకసారి మాట్లాడతారా?" అన్నారు. వాడికప్పుడు ఇరవై ఏళ్ళు. ఉగాది ఫంక్షన్లలో వాణ్ణి చూసి చాలా రోజులయిందన్న సంగతి నాకు అప్పుడు గానీ తట్టలేదు.

నేను హాంబర్గ్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసుకుంటూ, వారానికొక సాయంత్రం చదువు ఆపేసిన కుర్రాళ్ళకి దరఖాస్తులు రాయటంలో సాయం చేస్తుంటాను. ఇన్నేళ్ళలో నా ముందు కూర్చున్న పిల్లల్లో మన తెలుగు పిల్లవాడు ఒక్కడూ లేడు. మన ఇళ్ళల్లో ఈ సమస్య లేదు కాబోలు అనుకున్నాను. ఉంది, కాకపోతే బయటకు చెప్పం. ఆ ఇంటివాళ్ళని అడిగి, గుర్తుపట్టే వివరాలు తీసేసి ఇది రాస్తున్నాను.

ఇక్కడి పద్ధతి మీలో చాలామందికి తెలిసిందే. ఎక్కువ రాష్ట్రాల్లో నాలుగో తరగతి అవగానే (బెర్లిన్, బ్రాండెన్‌బుర్గ్‌లలో ఆరో తరగతి) పిల్లల్ని వేరు వేరు రకాల స్కూళ్ళకి పంపుతారు. పదేళ్ళ పిల్లవాడి దారి అప్పుడే తేల్చెయ్యటం నాకు ఎప్పుడూ నచ్చలేదు. దానికి తోడు మనవాళ్ళకి గిమ్నాజియుమ్ తప్ప ఇంకో స్కూలు కనపడదు. అందులో సీటు రాకపోయినా, వచ్చి మధ్యలో నిలదొక్కుకోలేకపోయినా ఇంట్లో ఎవరో పోయినంత పని! మన ఊళ్ళో ఐ.టి.ఐ. అంటే మొహం చిట్లించిన అలవాటే విమానమెక్కి మనతో వచ్చింది.

ఇలాంటి వాళ్ళు ఎంతమంది? కేంద్ర వృత్తివిద్యా సంస్థ బి.ఐ.బి.బి. లెక్కల ప్రకారం 2022లో 20 నుంచి 34 ఏళ్ళ మధ్య వయసులో ఏ వృత్తి అర్హతా లేనివాళ్ళు సుమారు 28 లక్షల 60 వేల మంది. అంటే దాదాపు ఐదుగురిలో ఒకరు. విచిత్రమేమిటంటే 2023లో శిక్షణకి మనుషులు దొరక్క కంపెనీల్లో 70 వేలకి పైగా ఖాళీలు మిగిలిపోయాయి.

ఆస్‌బిల్డుంగ్ అంటే

వారంలో మూడు నాలుగు రోజులు కంపెనీలో పని, ఒకటి రెండు రోజులు వృత్తి పాఠశాల. రెండు నుంచి మూడున్నరేళ్ళు. రొట్టెలు చెయ్యటం దగ్గర్నుంచి బ్యాంకు పని దాకా సుమారు 330 వృత్తులున్నాయి. నేర్చుకునే రోజుల్లోనే జీతం. 2020 నుంచి దీనికి చట్టంలో కనీస మొత్తం కూడా పెట్టారు. మొదటి ఏడాదికి అప్పుడు నెలకి 515 యూరోలు, 2025లో మొదలుపెట్టిన వాళ్ళకి 682.

మన తల్లిదండ్రుల్లో చాలామందికి తెలియని సంగతి ఒకటుంది. ఇందులో చేరటానికి ఫలానా స్కూలు సర్టిఫికెట్ ఉండి తీరాలని చట్టంలో ఎక్కడా లేదు! ఎవర్ని తీసుకోవాలన్నది కంపెనీ ఇష్టం. చాలా కంపెనీలు సర్టిఫికెట్ అడుగుతాయి, నిజమే. కానీ యజమానికి కుర్రాడి పని నచ్చితే ఒప్పందం రాసుకోవచ్చు. పైగా ఆస్‌బిల్డుంగ్ పూర్తిచేస్తే చాలాచోట్ల ఆగిపోయిన స్కూలు అర్హత కూడా దాంతో పాటే వస్తుంది.

చోటు దొరకని వాళ్ళని ఏడాదో రెండేళ్ళో తయారీ తరగతుల్లో ఉంచుతారు. 2005లో ఇలా చేరినవాళ్ళు 4 లక్షలు దాటారు. తరువాత తగ్గినా ఏటా 2 లక్షలకి పైగానే ఉంటున్నారు. జర్మన్లే దీన్ని 'నిరీక్షణ చక్రం' అని ఎద్దేవా చేస్తారు. ఒక తరగతి నుంచి ఇంకో తరగతికి తిరిగి తిరిగి విసుగెత్తి ఇంటికి పోయినవాళ్ళని నేను చూశాను.

దీనికి హాంబర్గ్ 2012లో ఓ పని చేసింది. ఉపాధి కార్యాలయం, జాబ్‌సెంటర్, విద్యాశాఖ, యువజన సంక్షేమశాఖ, ఈ నాలుగింటినీ ఒకే కప్పు కిందకి తెచ్చి 'యూగెండ్‌బెరూఫ్స్‌ఆగెంటూర్' పెట్టింది. నగరంలోని ఏడు జిల్లాల్లోనూ ఉంది. 25 ఏళ్ళ లోపు వాళ్ళెవరైనా వెళ్ళచ్చు. స్కూలు వదిలిన ప్రతి పిల్లవాడూ ఏమయ్యాడో కనుక్కుంటారు, రాకపోతే ఇంటికి మనిషిని పంపుతారు. తరువాత చాలా ఊళ్ళు ఈ పద్ధతిని అందిపుచ్చుకున్నాయి. ఆఫీసుల చుట్టూ అస్సలు రాని యువకుల్ని వెతికి సాయం చెయ్యటానికి 2016లో సామాజిక చట్టంలో 16-హెచ్ అని ప్రత్యేకంగా ఓ సెక్షనే చేర్చారు.

ఇంటికి వెళ్ళి పిలవటం మనకి కొత్తేమీ కాదు. రంగారెడ్డి జిల్లాలో 1991 నుంచి శాంతా సిన్హా గారి ఎం.వి. ఫౌండేషన్ కార్యకర్తలు పనిలో ఉన్న పిల్లల ఇళ్ళకి వెళ్ళి, శిబిరాల్లో చదువు అందుకునేలా చేసి బళ్ళలో చేర్పించారు. ఆవిడకి 2003లో మెగసెసే అవార్డు వచ్చింది. అక్కడ పదేళ్ళ పిల్లలు, ఇక్కడ ఇరవై ఏళ్ళ వాళ్ళు. తలుపు తట్టాల్సింది మాత్రం ఎవరో ఒకరు.

మావాడి సంగతి

మొదటిసారి వెళ్ళినప్పుడు నేను చేసిన తెలివితక్కువ పని, నా ఎంసెట్ ర్యాంకు గురించి చెప్పటం. "సరే అంకుల్" అని మళ్ళీ తలుపేసుకున్నాడు. రెండోసారి అసలు బయటికే రాలేదు. మూడోసారి నా సైకిలు చైను ఊడిపోతే, కిందకి దిగి నిమిషంలో బిగించాడు. బాల్కనీలో మూడు పాత సైకిళ్ళు విప్పి పెట్టుకున్నాడని వాళ్ళమ్మ అప్పుడు చెప్పారు, అదొక తప్పులాగా!

సైకిలు పని ఇక్కడ గుర్తింపు పొందిన వృత్తి. రెండేళ్ళ కోర్సు ఒకటి, మూడున్నరేళ్ళది ఒకటి. అపాయింట్‌మెంటుకి నేనూ వెంట వెళ్ళాను. వెంటనే ఆస్‌బిల్డుంగ్ కాకుండా 'ఐన్‌ష్టీగ్స్‌క్వాలిఫిత్సీరుంగ్' అనే దానితో మొదలుపెట్టించారు. కొన్ని నెలలు, ఎక్కువలో ఎక్కువ ఏడాది, కంపెనీలో పని చేసి చూసుకునే ఏర్పాటు. ఖర్చులో కొంత ప్రభుత్వం ఇస్తుంది. ఆర్నెల్లు తిరిగేసరికి షాపు యజమాని ఒప్పందం రాసిచ్చాడు. వాడిప్పుడు రెండో ఏడాది. వృత్తి పాఠశాలలో లెక్కలు కష్టమయితే, 'సాయంతో కూడిన ఆస్‌బిల్డుంగ్' అనే పథకం కింద ట్యూటర్ వస్తున్నాడు. డబ్బు కట్టక్కర్లేదు. ఇది 2015లో మొదలైంది.

అన్నీ ఇంత సవ్యంగా జరగవు. శిక్షణ ఒప్పందాల్లో పదింటికి దాదాపు మూడు మధ్యలోనే రద్దవుతున్నాయి. కొందరు వేరే వృత్తికి మారతారు, కొందరు మళ్ళీ గదిలోకి పోతారు.

పాతిక దాటినా

2013లో ఉపాధి సంస్థ 25-35 ఏళ్ళ వాళ్ళకోసం 'ఆలస్యంగా మొదలుపెట్టేవాళ్ళు కావాలి' అంటూ ప్రచారం చేసింది. అర్హత లేకుండా పనిచేస్తున్నవాళ్ళు, ఆ వృత్తి శిక్షణ కాలానికి ఒకటిన్నర రెట్లు పని అనుభవం చూపిస్తే నేరుగా చివరి పరీక్ష రాయచ్చు. మూడేళ్ళ వృత్తయితే నాలుగున్నరేళ్ళన్నమాట. 2025 నుంచి, 25 ఏళ్ళు దాటినవాళ్ళు పరీక్ష లేకుండా తమ పనితనాన్ని ఛాంబర్ చేత అంచనా వేయించుకుని ధ్రువపత్రం తీసుకునే హక్కు కూడా వచ్చింది.

మనలో తీరిక ఉన్నవాళ్ళు చెయ్యగల పని ఉంది. 2008లో మొదలైన 'జాబ్‌లింగె' లో ప్రతి కుర్రాడికీ ఒక స్వచ్ఛంద మెంటార్ ఉంటారు. రిటైరైన వాళ్ళయితే సీనియర్ ఎక్స్‌పర్టెన్ సర్వీస్ వారి 'వేరా' పథకంలో చేరచ్చు. శిక్షణ మధ్యలో తడబడుతున్నవాళ్ళకి ఒక్కొక్కరికి ఒక్కొక్క పెద్దమనిషి తోడుంటారు. వారానికి గంటో రెండు గంటలో చాలు. పోలీసు రికార్డు పత్రం అడగవచ్చు. మాట్లాడేపాటి జర్మన్ రావాలి, వ్యాకరణం పట్టించుకునే వాళ్ళెవరూ లేరు. నాది ఇప్పటికీ తప్పులతడకే, ఆ పిల్లలే దిద్దుతుంటారు.