నాలుగో విదేశీ స్థానం: ఐపీఎల్ జట్ల లెక్కల్లో గుంటూరు ఆటగాడి ఖరీదు

2025 ఏప్రిల్ 14న లక్నోలో జరిగిన మ్యాచ్‌కు చెన్నై సూపర్ కింగ్స్ తుది జట్టులో రెండు మార్పులు చేసింది. న్యూజిలాండ్ ఓపెనర్ డెవాన్ కాన్వే, తమిళనాడు స్పిన్నర్ రవిచంద్రన్ అశ్విన్ బయట కూర్చున్నారు. ఇంగ్లండ్ ఆల్‌రౌండర్ జేమీ ఓవర్టన్, గుంటూరు కుర్రాడు షేక్ రషీద్ లోపలికి వచ్చారు. వేలం ధరల ప్రకారం కాన్వే 6.25 కోట్లు, అశ్విన్ 9.75 కోట్లు, వెరసి 16 కోట్లు. ఓవర్టన్ 1.50 కోట్లు, రషీద్ 30 లక్షలు, ఇద్దరూ కలిపి 1.80 కోట్లు. ఐపీఎల్‌లో తొలి మ్యాచ్ ఆడుతున్న రషీద్ 167 పరుగుల ఛేదనలో రచిన్ రవీంద్రతో కలిసి ఇన్నింగ్స్ ఆరంభించాడు. ఐదు ఓవర్లు పూర్తి కాకముందే తొలి వికెట్‌కు 52 పరుగులు వచ్చాయి. అందులో రషీద్ వాటా 19 బంతుల్లో 27, ఆరు ఫోర్లు. చెన్నై 5 వికెట్ల తేడాతో గెలిచింది.

విదేశాల నుంచి తెచ్చుకునే ఆటగాణ్ని, దేశంలో తక్కువ ధరకు దొరికే ఆటగాణ్ని జట్లు ఏ త్రాసులో తూస్తాయి? ఆ ప్రశ్నను పాత గుంటూరు, ప్రకాశం జిల్లాల మైదానం నుంచి చూడటం ఈ వ్యాసం పని. 2022 ఏప్రిల్‌లో జిల్లాలను విభజించాక పల్నాడు, బాపట్ల వేరుపడ్డాయి గానీ పత్తి, మిరప పండే ఈ నేల క్రికెట్ దారులు ఇప్పటికీ కలిసే ఉన్నాయి. నా వాదన ఇది: ఐపీఎల్‌లో అసలు ఖరీదైనది విదేశీ ఆటగాడు కాదు, విదేశీ స్థానం. ఆ స్థానాన్ని ఖాళీ చేయగల స్వదేశీ కుర్రాడి విలువ అతనికి పలికే ధర కన్నా చాలా ఎక్కువ. ఆ మిగులు అతన్ని పెంచినవాళ్ళకు చేరే మార్గం మాత్రం నేటి ఏర్పాటులో లేదు.

రెండు రోజులు, రెండు లెక్కలు

నిబంధనలు తెలిసినవే. జట్టులో 25 మందికి మించకూడదు, వారిలో విదేశీయులు 8 మందికి మించకూడదు, మైదానంలోకి దిగే పదకొండు మందిలో నలుగురికి మించకూడదు. లక్నోలో ఆ నాలుగు స్థానాలు రచిన్, ఓవర్టన్, నూర్ అహ్మద్, మతీశ పతిరనలతో నిండాయి. కాన్వే ఉండి ఉంటే ఓవర్టన్‌కు చోటు లేదు. కాబట్టి రషీద్‌ను కాన్వేతో పోల్చి, ఎవరు ఎక్కువ పరుగులు చేస్తారని అడగడం సరైన ప్రశ్న కాదు. రషీద్, ఓవర్టన్ జోడీ ఇచ్చేది ఎంత, కాన్వేతో పాటు మరో భారతీయుడు కలిసి ఇచ్చేది ఎంత అన్నదే ప్రశ్న. భారతీయ ఓపెనర్ ఓ మోస్తరుగా ఆడగలిగితే చాలు, ఒక పేస్ ఆల్‌రౌండర్‌కు తలుపు తెరుచుకుంటుంది. 2023లో వచ్చిన ఇంపాక్ట్ ఆటగాడి నిబంధన దీన్ని ఇంకా బిగించింది. పదకొండు మందిలో నలుగురు విదేశీయులు ఉంటే, మధ్యలో దిగే పన్నెండోవాడు భారతీయుడే కావాలి. ఆ రోజు ఆ పని శివమ్ దూబే చేశాడు.

ఇక్కడ వేలం రోజు లెక్కను, మ్యాచ్ రోజు లెక్కను విడదీసి చూడాలి. ఒప్పందం డబ్బు సీజన్ మొత్తానికి ఇస్తారు. ఆడించినా, బెంచీ మీద కూర్చోబెట్టినా అది ఖర్చయినట్టే. లక్నోలో కెప్టెన్ ధోనీ ముందు 16 కోట్లు, 1.80 కోట్లు అన్న ప్రశ్న లేదు, పదకొండు పేర్లు మాత్రమే ఉన్నాయి. డబ్బు ప్రశ్న అంతకుముందే, 2024 నవంబర్ మెగా వేలంలో తేలిపోయింది. జట్టుకు 120 కోట్ల పర్స్ ఇచ్చినప్పుడు, దేశానికి ఆడని కుర్రాళ్ళను 30 లక్షల కనీస ధరకు ఎందరిని తెచ్చుకుంటే అంత సొమ్ము పెద్ద పేర్లకు మిగులుతుంది. 2025 సీజన్‌తో మొదలైన మ్యాచ్ ఫీజు 7.5 లక్షలు. 30 లక్షల ఆటగాడు నాలుగు మ్యాచ్‌లు ఆడితే ఆ ఫీజే ఒప్పందం మొత్తంతో సమానమవుతుంది. ఆ కుర్రాడికి అది పెద్ద ఊరట, నిస్సందేహంగా మంచి మార్పు. కానీ ఆడితేనే.

బేస్‌బాల్‌తో పోలిక

ఈ రకం లెక్కలను అమెరికా బేస్‌బాల్ జట్లు ఎప్పుడో కాగితం మీద పెట్టాయి. అక్కడ మైదానంలో విదేశీయులు ఇంతమందే ఉండాలన్న పరిమితి లేదు. అమెరికా, కెనడా, ప్యూర్టో రికో కుర్రాళ్ళు డ్రాఫ్ట్ (జట్లు వంతులవారీగా ఎంచుకునే పద్ధతి) ద్వారా వస్తారు. డొమినికన్ రిపబ్లిక్, వెనిజులా వంటి దేశాల కుర్రాళ్ళతో 16 ఏళ్ళకే ఒప్పందం చేసుకోవచ్చు. అయితే వాళ్ళకిచ్చే బోనస్‌ల మొత్తానికి ఒక్కో జట్టుకు ఒక హద్దు ఉంటుంది, 2017 నుంచి దాన్ని దాటే వీలే లేదు. ఆ హద్దు ఎంత బలమైనదో షోహే ఓతానీ ఉదంతం చెబుతుంది. 25 ఏళ్ళు నిండకుండా జపాన్ నుంచి రావడంతో, 2017 డిసెంబర్‌లో అతనికి ఏంజెల్స్ జట్టు ఇచ్చిన బోనస్ దాదాపు 23 లక్షల డాలర్లే. అతని జపాన్ జట్టుకు మాత్రం 2 కోట్ల డాలర్లు వెళ్ళాయి. ఆరేళ్ళ తర్వాత, 25 నిండినందున ఆ హద్దు వర్తించని యోషినోబు యమమోతోకు డాడ్జర్స్ జట్టు 32.5 కోట్ల డాలర్ల ఒప్పందం ఇచ్చింది. వయసు నిబంధన ఒక్కటే ఇద్దరి మధ్య అంత తేడా తెచ్చింది.

  

మన చర్చకు పనికివచ్చేది మరొకటి ఉంది. బేస్‌బాల్‌లో ఒకసారి తీసుకున్న కుర్రాడు పెద్ద లీగ్‌లోకి వచ్చాక కూడా సుమారు ఆరేళ్ళు ఆ జట్టు అధీనంలోనే ఉంటాడు. అందుకే డాడ్జర్స్ 1987లో డొమినికన్ నేల మీద సొంత అకాడమీ కట్టింది, తర్వాత మిగతా జట్లూ అదే దారి పట్టాయి. పెంచిన చెట్టు పండు తమకే దక్కుతుందన్న భరోసా ఉంటే ఎవరైనా నీళ్ళు పోస్తారు. ఐపీఎల్‌లో ఆ భరోసా లేదు. మూడు నాలుగేళ్ళకోసారి మెగా వేలం వస్తుంది, నిలుపుకున్న కొద్దిమంది తప్ప అందరూ చెల్లాచెదురవుతారు. జట్టు పెంచదు, వెతుకుతుంది. ఆంధ్రలో 2022లో ప్రీమియర్ లీగ్ మొదలయ్యాక స్కౌట్లకు ఆ వెతుకులాట ఇంకా సులువైంది.

డెక్కన్ ఛార్జర్స్ నుంచి రాయుడు దాకా

తెలుగు నేల మీద ఈ త్రాసు మొదటిసారి తప్పింది 2008లోనే. డెక్కన్ ఛార్జర్స్ 50 లక్షల డాలర్ల పర్స్‌లో 13.5 లక్షలను ఆండ్రూ సైమండ్స్ ఒక్కడికే పెట్టింది, అంటే నాలుగో వంతు కన్నా ఎక్కువ. ఆస్ట్రేలియా పిలుపు రావడంతో అతను నాలుగే మ్యాచ్‌లు ఆడి వెళ్ళిపోయాడు. జట్టు ఆఖరి స్థానంలో నిలిచింది. మరుసటి ఏడాది దక్షిణాఫ్రికాలో అదే జట్టు కప్పు గెలిచింది. గిల్‌క్రిస్ట్ బాదుడు అందరికీ గుర్తుంది. ఆ గెలుపులో 23 వికెట్లతో పర్పుల్ క్యాప్ తెచ్చుకున్న ఆర్.పి. సింగ్, అప్పటికింకా కుర్రవాళ్ళైన రోహిత్ శర్మ, ప్రజ్ఞాన్ ఓఝా, హైదరాబాద్ నుంచి వచ్చిన తిరుమలశెట్టి సుమన్‌ల చేయి తక్కువది కాదు. విదేశీ పేరు ఎంత పెద్దదైనా, మిగిలిన ఏడు స్థానాలు పలచగా ఉంటే జట్టు నిలవదని ఆ రెండు సీజన్లు పక్కపక్కన పెట్టి చూస్తే తెలుస్తుంది.

ఆ తొలి ఏళ్ళలో స్వదేశీ కుర్రాడు నిజంగానే చౌక, ఎందుకంటే చౌకగా ఉంచారు. దేశానికి ఆడనివాళ్ళకు వేలంలో ప్రవేశం లేదు. ముందే నిర్ణయించిన శ్లాబుల ప్రకారమే జీతం, 2011 నాటికి పై శ్లాబు 30 లక్షలు. అంతకుమించి బేరమాడితే శిక్ష తప్పదు. 2010లో రవీంద్ర జడేజా ఒక సీజన్ మొత్తం నిషేధానికి గురయింది ఆ కారణంగానే. విదేశీ ఆటగాడి ధర వేలంలో పైకి పోతుంటే, స్వదేశీ కుర్రాడి ధరకు మూత బిగించి ఉంచారు. బేస్‌బాల్ బోనస్ హద్దుకు ఇది మన రూపం.

ఆ మూత కింద అందరికన్నా ఎక్కువ నలిగిన గుంటూరు బిడ్డ అంబటి రాయుడు అని నా అభిప్రాయం. 1985లో గుంటూరులో పుట్టి, ఆటంతా హైదరాబాద్‌లో నేర్చుకుని, అనధికార ఇండియన్ క్రికెట్ లీగ్ (ఐసీఎల్)లో చేరినందుకు దూరమై, 2009 క్షమాభిక్షతో తిరిగొచ్చి, 2010లో ముంబయి ఇండియన్స్‌లో చేరాడు. 2013 జులైలో దేశానికి ఆడేదాకా అతను ఆ శ్లాబుల లోపలి ఆటగాడే. అతని అసలు విలువ ముంబయికి తెలుసు. 2014 మెగా వేలానికి ముందు ఆ జట్టు అట్టిపెట్టుకున్న ఐదుగురు రోహిత్, పొలార్డ్, మలింగ, హర్భజన్, రాయుడు. ఆ నాలుగు పేర్ల పక్కన నిలబెట్టిన ఆటగాడికి అంతకుముందు నాలుగు సీజన్లు శ్లాబు జీతం సరిపెట్టారు. తర్వాత చెన్నైకి మారి 2018లో 602 పరుగులు చేశాడు. 2023లో తప్పుకునేసరికి ఆరు కప్పుల్లో భాగం ఉంది.

మూత తీశాక

2014లో దేశానికి ఆడనివాళ్ళనూ వేలంలోకి తెచ్చారు. ఆ తర్వాత ధర ఎటు పోయిందో రెండు ఘట్టాలు చెబుతాయి. విశాఖ కుర్రాడు నితీశ్ కుమార్ రెడ్డిని సన్‌రైజర్స్ 20 లక్షలకు తీసుకుంది. 2024లో 303 పరుగులు చేశాక, అదే ఏడాది 6 కోట్లకు నిలుపుకుంది. ఆ జాబితాలో క్లాసెన్‌కు 23 కోట్లు, కమిన్స్‌కు 18 కోట్లు ఇచ్చారు. రెండోది 2025 డిసెంబర్ 16న అబుధాబిలో జరిగిన మినీ వేలం. దేశానికి ఆడని ప్రశాంత్ వీర్‌కు, కార్తీక్ శర్మకు చెన్నై చెరో 14.20 కోట్లు పెట్టింది. కామెరాన్ గ్రీన్‌కు కోల్‌కతా 25.20 కోట్లు పాడింది గానీ, మినీ వేలంలో విదేశీ ఆటగాడి చేతికి వెళ్ళేది 18 కోట్లకు మించకూడదన్న నిబంధన వల్ల మిగతాది బోర్డు సంక్షేమ నిధికి పోయింది. మూత ఇప్పుడు అటువైపు మారింది.

అంటే స్వదేశీ కుర్రాళ్ళందరి ధరా పెరిగిందనుకోకూడదు. కొరత ఉన్న నైపుణ్యానికి, చివరి ఓవర్లలో బాదే వికెట్‌కీపర్‌కో, బ్యాటింగ్ చేసే స్పిన్నర్‌కో పలికిన ధర అది. పద్ధతిగా ఆడే టాప్ ఆర్డర్ బ్యాటర్ మన దగ్గర కొల్లలు, రషీద్ ఆ కోవలోవాడు. 2022 అండర్-19 ప్రపంచకప్ గెలిచిన జట్టుకు అతను వైస్ కెప్టెన్. ఆస్ట్రేలియాతో సెమీఫైనల్లో 94, ఇంగ్లండ్‌తో ఫైనల్లో 50 చేశాడు. అంత చేసినా ఆ డిసెంబర్ వేలంలో 20 లక్షలకు, 2024లో 30 లక్షలకు, రెండుసార్లూ కనీస ధరకే వెళ్ళాడు.

పెట్టుబడి ఎవరిది

ఆ 30 లక్షల ఆటగాడు తయారవడానికి అయిన ఖర్చు వేలం పుస్తకంలో ఎక్కడా కనిపించదు. గుంటూరు నుంచి మంగళగిరిలోని ఆంధ్ర క్రికెట్ సంఘం అకాడమీకి ఇరవై కిలోమీటర్ల పైచిలుకు. కొడుకు సాధన కోసం రషీద్ తండ్రి ఉద్యోగాలు పోగొట్టుకున్న వైనం పత్రికల్లో వచ్చింది. ఒంగోలు కుర్రాడికైతే మంగళగిరి వంద కిలోమీటర్లు దాటుతుంది. అంత దూరం రోజూ పోయిరావడం కుదరదు, హాస్టల్లో ఉండాలి, లేదా ఇంట్లో ఒకరు కాపురం మార్చాలి. బ్యాటు, ప్యాడ్లు, గ్లౌజులు, ఏడాదికో రెండేళ్ళకో పొట్టైపోయే బూట్లు, సెలక్షన్లకు రైలు ఛార్జీలు అన్నీ ఇంటివే. పత్తి, మిరప మీద బతికే ఇంట్లో డబ్బు కనిపించేది పంట అమ్ముకున్నాకే. పంటకు వైరస్ తగిలిన ఏడాది కౌలు కట్టడమే గండం. అలాంటి ఇంట్లో పదేళ్ళ పిల్లవాడి ఆట మీద మరో పదేళ్ళు పెట్టుబడి పెట్టడమంటే ఏమిటో ఈ ప్రాంతం వాళ్ళకు వివరించక్కర్లేదు.

సంఘం వైపు నుంచి జరిగిన కృషిని తక్కువ చేయకూడదు. మేడికొండూరులో పుట్టి, భారత జట్టుకు ఆడి, 2016 నుంచి చీఫ్ సెలెక్టర్‌గా పనిచేసిన ఎమ్మెస్కే ప్రసాద్ అంతకుముందు ఆంధ్ర సంఘంలో క్రికెట్ వ్యవహారాలు చూశారు. అకాడమీ వ్యవస్థ లేకుంటే రషీద్ తరం బయటికి వచ్చేది కాదు. 2023లో ఆయనను లక్నో ఫ్రాంచైజీ సలహాదారుగా పిలిచింది. జిల్లాల్లో ఏ కుర్రాడు ఎలా ఆడతాడో తెలిసిన కన్నుకు విలువ ఉందని ఫ్రాంచైజీలకు బాగా తెలుసు. ఆ కన్నుకు జీతమిస్తారు, ఆ కుర్రాడు ఆడిన జిల్లా సంఘానికి ఏమీ ఇవ్వరు.

విదేశీ ఆటగాడి విషయంలో అలా లేదు. అతని రుసుముకు తగ్గట్టు అతని దేశపు బోర్డుకు వాటా వెళుతుంది. ఫుట్‌బాల్‌లో ఇంకా స్పష్టమైన ఏర్పాటు ఉంది. ఆటగాడు క్లబ్ మారినప్పుడు చెల్లించే మొత్తంలో 5 శాతం వరకు, అతన్ని 12 ఏళ్ళ నుంచి 23 ఏళ్ళ వరకు తీర్చిదిద్దిన క్లబ్బులకు పంచాలని ఫిఫా నియమం. గల్లీ క్లబ్బు అయినా సరే, కాగితాలు చూపితే డబ్బు వస్తుంది.

2025 నవంబర్‌లో చెన్నై వదిలేసిన జాబితాలో కాన్వే, రచిన్, పతిరన, రషీద్ నలుగురూ ఉన్నారు. నెల తిరిగేసరికి పతిరనను కోల్‌కతా 18 కోట్లకు కొనుక్కుంది. రషీద్ ఆంధ్ర రంజీ జట్టుకు ఆడుతున్నాడు, వయసు ఇంకా ఇరవైల మొదట్లోనే. బేస్‌బాల్ తరహాలో ఆరేళ్ళ అధీనం మన కుర్రాళ్ళ మీద పెట్టమని నేను అడగను, అది శ్లాబుల రోజులకు వెనక్కి పోవడమే. ఫిఫా తరహా వాటా మాత్రం బోర్డు తలచుకుంటే 2028 సీజన్‌కు ముందు వచ్చే మెగా వేలంలోనే పెట్టవచ్చు. 14.20 కోట్ల ఆటగాడి మీద 5 శాతమంటే 71 లక్షలు. 30 లక్షల ఆటగాడి మీద లక్షన్నరే. ఆ లక్షన్నర ఫ్రాంచైజీ జేబులోంచి నేరుగా గుంటూరు జిల్లా సంఘానికో, ప్రకాశం జిల్లా సంఘానికో వచ్చి, అండర్-14 పిల్లల బంతులకూ మ్యాటింగ్‌కూ మాత్రమే ఖర్చవ్వాలని నియమం రాయాలి.