జానెడు దిగని నాగలి

నల్లగొండ, పాలమూరు జిల్లాల వ్యవసాయ చరిత్రను వ్రాయబూనినవారు సాధారణంగా చెరువులతోనో, దేశ్‌ముఖులతోనో ప్రారంభిస్తారు. నాకు మాత్రం నాగలి కర్రు ఎంత లోతు దిగిందన్న ప్రశ్నతో మొదలుపెట్టాలనిపిస్తుంది. కొయ్యనాగలి నాలుగైదు అంగుళాలకు మించి దిగదు. జానెడు కూడా కాదు. తరతరాలుగా అదే లోతున దున్నగా దున్నగా కర్రు రాచుకొనిపోయినచోట ఒక గట్టిపొర ఏర్పడుతుంది. వాన అక్కడిదాకా ఇంకి పక్కకు జారిపోతుంది. ఆముదపు తల్లివేరు అక్కడే వంకర తిరుగుతుంది.

ఈ పొరను పగులగొట్టేందుకే ఉలి నాగలి. వడ్రంగి ఉలివంటి సన్నని ఇనుపకర్ర, అడుగు నుండి అడుగున్నర లోతున నేలను చీల్చుకుంటూ పోతుంది, మట్టిని తిరగవేయదు. 1930లలో అమెరికా మైదానాలు ధూళి తుపానులతో ఎగిరిపోయినప్పుడు, మట్టిని తలకిందులు చేసే నాగళ్ళపై అనుమానం కలిగి అక్కడి రైతులు దీనివైపు మళ్ళారు. తమాషా ఏమంటే, మన కొయ్యనాగలి చేసేదీ చీల్చడమే, తిరగవేయడం కాదు. 1889లో ఈ దేశం వచ్చిన వోల్కర్ అనే ఆంగ్ల శాస్త్రవేత్త, 1893 నాటి తన నివేదికలో దేశవాళీ సేద్యాన్ని వెనుకబాటుతనమని కొట్టిపారేయరాదన్నాడు. పద్ధతిలో లోపం లేదు, లోపమల్లా లోతులో.

ఆ లోతు కూడా అన్ని నేలలకూ ఒకటి కాదు. గద్వాల, ఆలంపూరు వైపు రేగడి ఎండాకాలంలో నెర్రెలు విచ్చి తన్ను తానే దున్నుకుంటుంది. అక్కడ ఉలికి పని తక్కువ. సాగర్ ఎడమ కాలువ కింద, మిర్యాలగూడ, హుజూర్‌నగర్ వరిమళ్ళలో దమ్ముచేసి రైతు కావాలని కల్పించుకున్న గట్టిపొరే నీటిని నిలుపుతుంది. దానిని చీలిస్తే మడి జల్లెడ అవుతుంది. అసలు చిక్కంతా ఎర్ర చెలకలది. ఆ మట్టికి రేగడివలె ఉబ్బి కుంచించుకునే గుణం లేదు. తడిస్తే మెత్తబడి కూలుతుంది, ఆరితే ఇటుకవలె బిగుస్తుంది. వాన వెలిసిన తరువాత పదును నిలిచేది రెండు మూడు రోజులే.

ఆ రెండు మూడు రోజులు ఎవరివి? నిజాం కాలపు వెట్టిలో రైతు తన అరకతో ముందుగా దొర భూమిని దున్ని, ఆ తరువాతే తన చెలకకు రావలెను. అప్పటికి పదును ఆరిపోయేది. 1946-51 నాటి నల్లగొండ పోరాటాన్ని భూమి కోసం జరిగినదిగా చదువుకున్నాము. అందులో పదును కోసం జరిగిన పోరాటం కూడా ఉన్నదని నా భావన. ఇక పాలమూరు సంగతి. దేశమంతటా ఆనకట్టలకు, కాలువలకు పునాదులు తవ్వినవారు ఆ జిల్లా కూలీలు. వేసవి దుక్కి చేయవలసిన నెలలలో ఆ చేతులు పరాయిచోట గడ్డపారలు పట్టుకొని ఉండేవి. అంత లోతు తవ్వినవారి సొంత చెలక మాత్రం నాలుగంగుళాల దగ్గరే ఆగిపోయింది!

ఉలి నాగలికి మరొక పేచీ ఉన్నది. తడినేలలో అది కేవలం గాడి పెడుతుంది, పొర పగలదు. నేల ఎండి ఉండాలి. ఎండిన చెలకను అంత లోతున చీల్చడం ఎడ్ల తరం కాదు, ట్రాక్టరు కావాలి. ఆ ట్రాక్టరు చక్రాల బరువు మళ్ళీ కొత్త పొరను తొక్కిపెడుతుంది.

1970లో హైదరాబాదు కేంద్రంగా మెట్టసేద్య పరిశోధన పథకం మొదలైంది. 1985లో అక్కడే క్రీడా సంస్థ ఏర్పడింది. ఎర్రనేలలలో లోతుదుక్కి వలన నీరు ఎక్కువ ఇంకుతుందని, ఆముదము వంటి లోతువేళ్ళ పైర్లకు మేలని పరిశోధనలు చూపాయి. అయితే ఆ మేలు ఒకటి రెండు పంటలకు మించి నిలవదు. వానలకు మట్టి కూలి, తెరిచిన చీలిక మళ్ళీ మూసుకుపోతుంది.

అందుకే మందకట్టిన గొర్రెల ఎరువునో, చెరువుమట్టినో పాతవారు చెలకకు తోలేవారు. 2015లో మొదలైన మిషన్ కాకతీయలో చెరువుల పూడిక తీసినప్పుడు ఆ మట్టికోసం రైతులు ట్రాక్టర్లు పట్టుకొని వచ్చారు. ఉలి నాగలి కొట్టిన చెలకలో ఆ మట్టి పడితే ఒక లెక్క, పడకపోతే మరొక లెక్క. ట్రాక్టరు అద్దె మాత్రం రెండింటికీ ఒకటే.