కొండదారి తీర్పు

ఫ్రాన్సు దేశమునకు వచ్చి గ్రెనోబుల్ పట్టణమున కాపురము పెట్టిన నన్ను, చుట్టునున్న ఆల్ప్స్ శిఖరములకన్న ఎక్కువగా ఆశ్చర్యపరచినది ఇచ్చటి వృద్ధుల పక్షపాతము. ప్రతి జూలైలో దేశమును చుట్టివచ్చు ‘టూర్ ద ఫ్రాన్స్’ సైకిలు పందెము ప్రసక్తి వచ్చినచో, దానిని ఐదు పర్యాయములు గెలిచిన జాక్ ఆంక్టీల్ పేరును మర్యాదగా ఉచ్చరించి ఊరకుందురు. ఒక్కసారియైనను గెలువక, అగ్రగామి ధరించు పసుపు చొక్కాను ఒక్క దినమైనను తొడుగక, అందు రెండవ మూడవ స్థానములతోనే సరిపెట్టుకొనిన రేమోఁ పులిదోర్ మాట వచ్చునప్పటికి మాత్రము కుర్చీ ముందుకు జరుపుకొని గంటసేపు చెప్పుదురు. ఓడినవానిపై ఇంత ప్రేమ ఏల కలిగినదో తెలియవలెననిన కొండ ఎక్కక తప్పదు.

ఈ పందెమును 1903లో పుట్టించినది ‘లోటో’ అను పత్రిక. ప్రతులు ఎక్కువ అమ్ముడుపోవలెనను కోరికయే దానికి మూలము. తొలి విజేత మోరిస్ గారఁ ఇటలీలో పుట్టి, బాల్యమున పొగగొట్టములు తుడిచి పొట్టపోసికొనిన వలసజీవి. నాబోటి పరదేశికి ఆ సంగతి ఎంత ఊరటయో వేరుగా చెప్పనక్కరలేదు. పిరెనీస్ పర్వతములు పందెమున చేరినది 1910లో. 2115 మీటర్ల ఎత్తుననున్న తూర్మలే కనుమ దారి చూచి రమ్మని పంపబడిన అల్ఫాన్స్ స్టైనెస్, మంచులో కారు ఆగిపోగా రాత్రివేళ కాలినడకన దానిని దాటి, చావు తప్పి బయటపడి, దారి దివ్యముగా నున్నదని పారిసుకు తంతి పంపెనట! ఆ వేసవిలో లుషోన్ నుండి బయోన్ వరకు 326 కిలోమీటర్లు, గేర్లు మార్చు సాధనము లేని బరువైన సైకిలుపై సాగిన ఓక్టావ్ లాపీజ్, ఒబిస్క్ కనుమ కడ నిర్వాహకులను చూచి మీరు హంతకులని అరచెను. అరచియు, ఆ దినపు ఘట్టమును, ఆ ఏటి పందెమును తానే గెలిచెను.

పోటీదారుల బలాబలములు కొండపైననే తేలుటకు కారణము గాలి. సమతలమున ముందు పోవువాని వీపు గాలిని ఆపుటచే, వెనుక నక్కి పోవువానికి సుమారు మూడవవంతు శ్రమ తప్పును. అందుచే బలహీనుడును గుంపులో దాగి గంటల తరబడి బలవంతునితో సమానముగా సాగగలడు. దారి ఎనిమిది పది శాతము నిటారుగా లేచినప్పుడు వేగము తగ్గును, గాలితోడి పేచీ సన్నగిల్లును, భూమ్యాకర్షణతోడి పేచీ మాత్రము మిగులును. తన దేహభారమున ప్రతి కిలోకు కాళ్లు ఎన్ని వాట్ల శక్తి నీయగలవనునదే అప్పటి లెక్క. నాయకునికి దారి తీయుచు వచ్చిన జట్టువారు ఒక్కొక్కరుగా సత్తువ అంతయు వెచ్చించి పక్కకు తొలగుదురు; చివరి కిలోమీటర్లలో అతడు ఏకాకి. 2023లో, కొన్నిచోట్ల 20 శాతమునకు మించి నిక్కిన లా లోజ్ కనుమపై, అంతకు మునుపు రెండు పర్యాయములు పందెము గెలిచిన తదేయ్ పొగాచార్ ఒక్కసారిగా శక్తి ఉడిగి, యోనస్ వింగెగోర్‌కు ఆ ఒక్క దినముననే ఐదు నిమిషములకు పైగా కోల్పోయెను. మూడు వారముల పోరాటము ఒక మధ్యాహ్నమున ముగిసినది.

అయితే ఈ దేశము మరువనిది 1913 నాటి ఎజేన్ క్రిస్తోఫ్ కథ. తూర్మలే దిగుచుండగా అతని సైకిలు ముందు ఫోర్కు విరిగెను. పరుల సాయము నిషిద్ధమగుటచే, సైకిలును భుజమున వేసికొని పది కిలోమీటర్లకు పైగా నడచి, సెంత్ మరీ ద కాంపాన్ గ్రామమున కొలిమి చేరి, తాళములు చేయు పని నేర్చినవాడగుటచే ఇనుము తానే కాచి, కొట్టి, అతికెను. తిత్తి ఊదుటకు ఒక బాలుడు చేయి సాయము చేసినాడని దానికిని శిక్షగా నిమిషములు కలిపిరి! ఇది వినినప్పుడు కర్ణుని రథచక్రము నా కన్నుల గట్టినది. పక్కన నిలిచి నియమములు వల్లించిన నిర్వాహకులు శల్యులు. శాపమును కలదు: 1919లో పసుపు చొక్కా చరిత్రలో మొదటిసారిగా తానే ధరించెను, విజయము చేతికందునంతలో మరల ఫోర్కు విరిగెను, 1922లో గాలిబియే కనుమపై మూడవసారి విరిగెను. పరశురాముని శాపమైనను ఇన్నిమార్లు తగులలేదు. కవచకుండలములకు బదులు ఇతనికి కమ్మరపు నేర్పుండెను. దానిని ఏ ఇంద్రుడును యాచించి పుచ్చుకొనలేకపోయెను. ఇక 1913 నాటి విజేత ఫిలిప్ తీస్‌ను అర్జునుని చేయబోయి, కృష్ణుడెవరో ఎంత వెదకినను దొరకక విరమించితిని. పైగా క్రిస్తోఫ్ హతుడు కాలేదు, 85 ఏండ్లు బ్రతికెను. 1919లో పాఠకులు చందాలు వేసికొని అతని నష్టము తీర్చిరి.

పులిదోర్ ఆ వంశమువాడే. 1964లో ప్యూయి ద దోమ్ కొండపై ఆంక్టీల్‌తో భుజము భుజము రాచుకొనుచు ఎక్కి, చివరకు అతనిని వెనుకకు నెట్టియు, పసుపు చొక్కాకు 14 సెకండ్ల దూరమున ఆగిపోయెను.

నాకీ ప్రేమలో కొంత ప్రాయశ్చిత్తము కలదని తోచును. పత్రిక అమ్ముకొనుటకు మనుష్యుల ఆయాసమును సరకు చేసిన పందెమిది. 1967లో వాఁతూ కొండపై, మండుటెండలో, ఉత్ప్రేరకపు మందులు మ్రింగి తొక్కిన టామ్ సింప్సన్ దారిలోనే కూలి మరణించెను. దారిప్రక్క నిలిచి చప్పట్లు కొట్టినవారికి ఈ ఆయాసపు సంగతి తెలియకపోలేదు. తెలిసియు మానలేక, గెలిచినవానికి బహుమతి ఇచ్చి, నలిగినవానికి హృదయమిచ్చిరి.

కొండలో పోటీ ముందున్నవారికే కాదు. సమతలమున మెరుపువలె దూకు బరువైన వీరులు ఎక్కుడులో వెనుకబడి, ఒక గుంపుగా చేరి, విజేత పట్టిన సమయముపై ఇంత శాతము మించరాదను గడువును లెక్కించుకొనుచు, నిన్నటి శత్రువుతో నీళ్లు పంచుకొని సాగుదురు. వారి వెనుక, విడిచినవారిని ఎక్కించుకొనుటకు 1910 నుండి ఒక చీపురుబండి వచ్చుచుండును.

ఈ పందెపు దినములలోనే హైదరాబాదులోని మా సూరారమున ఆషాఢ బోనములు. కట్టమైసమ్మ గుడికడ డప్పుల మ్రోత నాకిచ్చట చెవిన పడదు. ఆ వెనుకటి గుంపును చూచినప్పుడు మాత్రము, జీడిమెట్ల కార్ఖానాలకు సద్దిగిన్నె హ్యాండిలుకు తగిలించుకొని సైకిళ్లపై పోయెడు కూలీలు జ్ఞాపకము వత్తురు. వారిలో ముందెవరు పోయిరని ఎవ్వరును అడుగలేదు. ఆలస్యమైనవానికి సగము దినము కూలి కోసిరి.

వచ్చు జూలైలో మీ ఇంట టీవీలో ఈ పందెము కనబడినచో, శిఖరమున పూలగుత్తి అందుకొనువానికొరకు వేచియుండకుడు. దానికి నాలుగైదు కిలోమీటర్ల దిగువన, నాయకుని చివరి సహాయకుడు తల వాల్చి పక్కకు తొలగునప్పుడు చూడుడు: పందెము తేలునది అచ్చటనే, మిగిలిన దారి ఆ తీర్పును అమలుపరచుట మాత్రమే.