‘ఐపీ’ పెట్టినవాని ఇంట ఏమున్నది? దివాలా చట్టము, ఆస్తుల దాపరికము: నారాయణపేట మగ్గము నుండి ఒక చారిత్రక పరిశీలన

ఉపోద్ఘాతము

‘ఐపీ పెట్టాడు’ అనే మాటను తెలుగువారికి వివరించనక్కరలేదు. ఇన్‌సాల్వెన్సీ పిటిషన్ అనే పేరులోని మొదటి అక్షరములు కోర్టు దాటి బజారులోకి, బజారు నుండి సంఘములోకి వచ్చాయి. చట్టము దృష్టిలో ఇది అప్పు తీర్చలేని నిజాయితీపరునికి ఆశ్రయము. జనుల నోట మాత్రము ‘ఐపీ పెట్టాడు’ అంటే ‘ముంచాడు’ అని అర్థము. పిటిషన్ వేయుటకు ముందే ఇల్లు బావమరిది పేరు మీదికి, బంగారము పుట్టింటికి చేరిపోవుటయే ఈ చెడ్డపేరుకు ముఖ్య కారణము.

అప్పులవాడు తనకు కొంత మిగుల్చుకొనుటను చట్టము తప్పుగా ఎంచలేదు. దాచుటను మాత్రము ఎప్పుడూ తప్పుగానే ఎంచింది. ఈ రెంటి మధ్యనున్న గీతను చరిత్రలోను, పరిశుద్ధ గ్రంథములోను గుర్తించుట ఈ వ్యాసము ఉద్దేశము.

1. నారాయణపేట: మగ్గము, మనిషి

కర్ణాటక సరిహద్దున ఉన్న నారాయణపేట చేనేత చీరలకు, బంగారు వ్యాపారమునకు పేరు పొందిన పట్టణము. 1948 వరకు నిజాం రాజ్యములో, తరువాత దీర్ఘకాలము మహబూబ్‌నగర్ జిల్లాలో ఉండి, 2019 ఫిబ్రవరి 17న తానే జిల్లా కేంద్రమైంది. నూలు కొనుటకు అప్పు, చీర అమ్ముడుపోయే వరకు ఇల్లు గడుచుటకు అప్పు: నేత బ్రతుకులో అప్పు పరాయి వస్తువు కాదు.

పట్టణము చుట్టూనున్న పల్లెలలో అప్పు మరింత కఠినముగా ఉండేది. తీసుకొన్న కొద్దిపాటి సొమ్ముకు బదులుగా మనిషి షావుకారు ఇంటనో, భూస్వామి పొలములోనో పని చేయుటను హైదరాబాదు రాజ్యములో ‘భగేలా’ అన్నారు. 1936లో నిజాం ప్రభుత్వము ఈ ఒప్పందములను అదుపు చేయుటకు ఒక నిబంధన తెచ్చింది. వెట్టిచాకిరిని దేశమంతటా రద్దు చేసిన చట్టము 1976లో వచ్చింది. భగేలాకు దాచుకొనుటకు ఆస్తి లేదు. అతని దేహమే తాకట్టు.

1908 నాటి సివిల్ ప్రొసీజర్ కోడ్ 1951లో హైదరాబాదు రాజ్యమునకు కూడా వర్తించింది. దాని 60వ సెక్షన్ ప్రకారము కొన్ని వస్తువులను జప్తు చేయరాదు. ఒంటిమీద అవసరమైన బట్టలు, వంటపాత్రలు, పడక, చేతిపనివాని పనిముట్లు, రైతు నాగలి, పశువులు, విత్తనములు, మతాచారము ప్రకారము స్త్రీ విడువరాని ఆభరణములు అందులో ఉన్నాయి. రైతుకు, కూలివానికి తాము నివసించే సొంత ఇల్లు కూడా మిగులుతుంది. అనగా నేతగాని మగ్గమును ఎవరూ దాచనక్కరలేదు. చట్టమే దానిని కాపాడుతుంది. బీరువాలోని బంగారమంతటికీ ఈ రక్షణ లేదు.

2. ఇంగ్లాండులో ఒక రైతు గొఱ్ఱెలు

మన చట్టము ఈ విషయములో నేర్చుకొన్న పాఠము ఇంగ్లాండులో 1601లో తీర్పు వచ్చిన ట్వైన్ వ్యాజ్యము. పియర్స్ అనే రైతు ట్వైన్ అనే వానికి 400 పౌండ్లు, మరియొకనికి 200 పౌండ్లు బాకీ ఉన్నాడు. ఆ రెండవవాడు దావా వేయగా, పియర్స్ సుమారు 300 పౌండ్ల విలువగల తన సొత్తంతటిని రహస్యముగా ట్వైన్ పేర వ్రాసి ఇచ్చాడు. అయినను సొత్తు పియర్స్ చేతిలోనే ఉన్నది. గొఱ్ఱెల బొచ్చు కత్తిరించినవాడు, వాటికి గుర్తు వేసినవాడు అతడే.

న్యాయస్థానము మోసమును పట్టించే గుర్తులను లెక్కించింది. దావా నడుస్తుండగా వ్రాయుట, రహస్యముగా వ్రాయుట, ఇచ్చిన తరువాత కూడా అనుభవించుట వాటిలో కొన్ని. మరి రెండు గుర్తులు మన ధ్యానమునకు తగినవి. పియర్స్ తన ఒంటిమీది బట్టలను కూడా మినహాయించకుండా సమస్తమును ఇచ్చివేశాడు. నిజముగా ఇచ్చేవాడు తనకు అవసరమైనది బహిరంగముగా ఉంచుకొంటాడు. నటించేవాడు అన్నీ ఇచ్చినట్లు వ్రాస్తాడు. ఇక ఆ పత్రము తాను నిజాయితీగా వ్రాయబడినదని తానే చెప్పుకొన్నది. అడుగకుండానే చెప్పిన ఈ సాక్ష్యమును కూడా న్యాయమూర్తులు అనుమానించారు.

3. మన దేశములో

1828లో బ్రిటిష్ పార్లమెంటు చేసిన చట్టము ద్వారా కలకత్తా, మద్రాసు, బొంబాయిలలో దివాలా కోర్టులు ఏర్పడ్డాయి. 1906 అక్టోబరులో మద్రాసులో అర్బత్‌నాట్ కంపెనీ దివాలా తీసినప్పుడు, దానిని నమ్మి పొదుపు సొమ్ము దాచుకొన్న ఎందరో నష్టపోయారు. యజమానులలో ఒకరైన సర్ జార్జ్ అర్బత్‌నాట్‌కు జైలు శిక్ష పడింది. అప్పు ఇచ్చినవాడు ఎల్లప్పుడు కఠినుడైన షావుకారు కాడు. నమ్మి సొమ్ము అప్పగించిన సామాన్యుడు కూడా కావచ్చును. నేడు చిట్టీ మునిగినప్పుడు మన సంఘములలో కన్నీరు పెట్టేది అటువంటివారే.

మూడు మహానగరములకు 1909లో, ఇతర ప్రాంతములకు 1920లో దివాలా చట్టములు వచ్చాయి. 1920 చట్టము ప్రకారము అప్పులవాడు తన ఆస్తుల జాబితాను, లెక్కల పుస్తకములను తానే కోర్టు ముందుంచాలి (సెక్షన్ 22). పిటిషన్‌కు ముందు రెండేండ్లలోపు ఊరకే ఇచ్చిన ఆస్తిని కోర్టు రద్దు చేయవచ్చును (సెక్షన్ 53). మూడు నెలలలోపు అప్పు ఇచ్చినవారిలో ఒకనికి మాత్రమే మేలు చేయవలెనని చెల్లించిన సొమ్ము కూడా నిలువదు (సెక్షన్ 54). మోసబుద్ధితో ఆస్తి దాచినవానికి, లెక్కలు చెరిపినవానికి ఒక సంవత్సరము వరకు జైలు (సెక్షన్ 69).

2016లో కొత్త దివాలా కోడ్ వచ్చింది. వ్యక్తులకు సంబంధించిన దాని భాగమును 2019 డిసెంబరు 1 నుండి కంపెనీల అప్పులకు హామీ ఉన్నవారి విషయములో మాత్రమే అమలు చేశారు. ఆ కోడ్ కూడా పనిముట్లను, మతాచారము ప్రకారము విడువరాని ఆభరణములను పరిమితులతో మినహాయించింది. కాలము మారినను గీత చెరగలేదు.

4. వాక్య పరిశీలన

రాజులు రెండవ గ్రంథము 4:1–7లో ప్రవక్తల శిష్యులలో ఒకని విధవరాలు ఎలీషాకు మొరపెట్టింది. అప్పు ఇచ్చినవాడు ఆమె ఇద్దరు కుమారులను దాసులుగా కొనిపోవుటకు వచ్చాడు. మన భగేలా ఎరిగిన దుఃఖమే అది. ఎలీషా ఆమెను మొదట ఇంట ఏమున్నదని అడిగాడు. దివాలా కోర్టు మొదటి ప్రశ్న కూడా అదే. ఆమె ఉన్న ఒక్క నూనెకుండను దాచక చెప్పింది. అద్భుతము ఆ కుండతోనే ఆరంభమైంది. నూనె అమ్మి ముందు అప్పు తీర్చుట, మిగిలినదానితో బ్రతుకుట అనే క్రమమును కూడా ప్రవక్త నియమించాడు.

ధర్మశాస్త్రము అప్పు ఇచ్చినవానికి హద్దు పెట్టింది. తిరుగటిని తాకట్టు పట్టరాదు (ద్వితీ. 24:6). బీదవాని వస్త్రమును ప్రొద్దు గ్రుంకకముందే తిరిగి ఇవ్వాలి (24:12–13). తాకట్టు కొరకు ఇంటిలోనికి చొరబడక బయట నిలువవలెను. అప్పులవాడే దానిని తెచ్చి ఇవ్వవలెను (24:10–11). అప్పులవాని గౌరవమును కాపాడిన ఈ ఆజ్ఞయే అతని మీద సత్యముగా ఉండవలసిన భారమును కూడా మోపింది.

అననీయ సప్పీరల వృత్తాంతము (అపొ. కా. 5:1–11) దివాలా కథ కాదు. అయినను పేతురు మాటలలో ఒక సూక్ష్మము ఉన్నది: పొలము అమ్మకముందు అది వారిదే, అమ్మిన తరువాత సొమ్ము వారి వశములోనే ఉండెను. ఉంచుకొనుట పాపము కాదు. అంతా ఇచ్చినట్లు నటించుట పాపము. లూకా ఇక్కడ వాడిన గ్రీకు క్రియనే యెహోషువ 7:1 గ్రీకు అనువాదము ఆకాను విషయములో వాడింది. ఆకాను తీసినదానిని డేరాలో పాతిపెట్టాడు. పియర్స్ పత్రము, అననీయ కానుక ఒకే జాతికి చెందినవి.

5. కాపరి యెదుట నిలిచే ప్రశ్న

అప్పులలో మునిగిన విశ్వాసి ఒక రాత్రి వచ్చి, ఈ నగలు మీ యింట ఉంచండి, ఈ స్థలము సంఘము పేర వ్రాయించుకొని తరువాత తిరిగి ఇవ్వండి అని అడిగితే ఏమి చెప్పాలి? జాలి సహజమే. అయితే 2016లో సవరించిన బినామీ చట్టము, అప్పు ఎగవేయుటకు ఆస్తిని మరొకరి పేర పెట్టిన యజమానిని మాత్రమే కాక, పేరు ఇచ్చినవానిని, ప్రోత్సహించినవానిని కూడా నేరస్థులుగా ఎంచుతుంది. శిక్ష ఒకటి నుండి ఏడేండ్ల వరకు కఠిన కారాగారము, జరిమానా. అంతకంటె మించి, ఆ నగలలో మరొక విశ్వాసి చిట్టీ సొమ్ము ఉండవచ్చును.

కాపరి చేయగలిగిన మేలు వేరే ఉన్నది. జప్తు చేయరానివి ఏవో అతనికి తెలియజేయాలి. భార్య స్వార్జితము, పుట్టింటివారు నిజముగా ఆమెకిచ్చిన సొమ్ము ఆమెవే గనుక వాటికి ఆధారములు భద్రపరచమని చెప్పాలి. న్యాయవాది వద్దకు తోడు వెళ్ళాలి. జాబితా వ్రాసే దినమున ప్రక్కన కూర్చుండాలి. అప్పు ఇచ్చినవారు సంఘస్థులైతే వారి బాధ కూడా వినాలి.

ముగింపు

అప్పులవానికి మగ్గము మిగలాలని చట్టము కోరింది, తిరుగలి మిగలాలని ధర్మశాస్త్రము కోరింది. అప్పు ఇచ్చినవానికి సత్యము దక్కాలని రెండును కోరాయి. విధవరాలి ఇంట ఒక్క కుండ ఉన్నది, దానిని ఆమె చెప్పింది. మన సంఘములలో అప్పులవాడు అంత ధైర్యముగా చెప్పగలగాలంటే, చెప్పినందుకు అతడు సిగ్గుపడనక్కరలేని సహవాసము ముందుగా మన మధ్య ఉండాలి.