అల్ సూఫీ చూచిన చిన్న మేఘం

నవంబరు మధ్యలో రాత్రి తొమ్మిది గంటలకు మట్టెవాడలో ఉత్తరముఖంగా నిలిచి తలెత్తితే, నడినెత్తికి కొంచెం దిగువగా దేవయాని మండలం ఉంటుంది. అందులోని మీరాక్, అల్‌మాక్ తారల పేర్లు అరబ్బీ నుండి వచ్చినవే.

ఆ మండలంలోని మసక వెలుగును క్రీ.శ. 964లో అబ్దుర్రహ్మాన్ అల్ సూఫీ తన స్థిర నక్షత్రాల గ్రంథంలో 'చిన్న మేఘం'గా నమోదు చేశాడు. ఐరోపాలో సైమన్ మారియస్ దానిని దుర్భిణితో చూచి వర్ణించినది 1612లో. అది వేరొక నక్షత్రవీధి అని 1920లలో హబుల్ నిరూపించాడు. దాని దూరం సుమారు 25 లక్షల కాంతి సంవత్సరాలు.

టాలెమీ పట్టికను అల్ సూఫీ గుడ్డిగా నమ్మలేదు. స్వయంగా చూచి సరిదిద్దాడు. హైదరాబాదులో నవాబ్ జఫర్ జంగ్ 1901లో నెలకొల్పిన నిజామియా వేధశాల కూడా నక్షత్ర స్థానాలను ఓర్పుతో కొలిచింది.

పూర్వుల ఘనత చెప్పుకొనుటతోనే సరిపెట్టుకొనరాదు. పట్టణపు దీపాలకు దూరంగా పిల్లలను తీసుకొనిపోయి ఆ మేఘాన్ని చూపించాలి.